ఆ 450 ఏళ్లు ఎవరు చూశారు టీచర్?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల. ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతాను. ఏ చెత్త మట్టిలో ఎన్నాళ్లకు కలిసిపోతుందో చెప్పే చార్టు ఒకటి క్లాసులో గోడకి తగిలించాం. అరటి తొక్కకి నెల, ప్లాస్టిక్ సీసాకి 450 ఏళ్లు, గాజుకి పది లక్షల ఏళ్లు అని ఉంటుంది అందులో. మొన్న అది చదివిస్తుంటే ఒక పిల్లాడు లేచి "450 ఏళ్లు ఎవరు చూశారు టీచర్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు జవాబు తట్టలేదు. పోయిన మార్చిలో ఆకులు, కాగితం, క్యారీబ్యాగు బడి ఆవరణలో పాతించి మూడు వారాల తర్వాత తీయిస్తే అన్నీ పాతినవి పాతినట్టే ఉన్నాయి. ఆకూ కవరూ ఒకటే కదా అన్నారు పిల్లలు. ఈసారి ఎలా చేయాలి? ఏమేం పాతించాలి? పిల్లలతో చెత్త ముట్టిస్తున్నారని తల్లిదండ్రులు గొడవకి వస్తారేమోనని మా హెడ్మాస్టరు గారి టెన్షన్.

సమాధానం: టీచర్ గారూ, ముందు ఆ పిల్లాడికి జవాబు బాకీ ఉన్నాం కాబట్టి అది చూద్దాం. 450 ఏళ్లు ఎవరూ చూడలేదు. చూడటానికి వీలే లేదు. మన పాల ప్యాకెట్లు, కవర్లు తయారయ్యే పాలిథిన్ 1933లో ఇంగ్లండులో ఒక ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. చెవులున్న ప్లాస్టిక్ కవరు 1960లలో స్వీడన్‌లో వచ్చింది. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా 1970ల సరుకు. అంటే భూమ్మీద అన్నిటికంటే పాత కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాకి ఇప్పుడు తాతగారి వయసు కూడా లేదు. చార్టులో ఇలాంటి పెద్ద అంకెలన్నీ కొద్దికాలం గమనించినదాన్ని బట్టి కట్టిన లెక్కలు. అందుకే ఒక చార్టులో 450 ఉంటే ఇంకో చార్టులో 1000 ఉంటుంది. ఈ మాట పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పేయండి. సైన్సు టీచరు "ఇది అంచనా" అని చెబితే క్లాసులో గౌరవం తగ్గదు.

అయితే ఎవరూ ఏమీ చూడలేదని కూడా కాదు. జపాన్‌లో 32 ఏళ్లకు పైగా మట్టిలో ఉండిపోయిన ప్లాస్టిక్ ముక్కలను తీసి పరీక్షించి, 1995లో ఫలితం ప్రచురించారు. మట్టికి ఆనుకుని ఉన్న పలుచటి పాలిథిన్ పొర తెల్లబారి కొంత పాడైంది. పీవీసీకి, థర్మకోల్ తయారయ్యే పాలీస్టైరీన్‌కి మాత్రం ఏమీ కాలేదు. ఇది ఒకరు కళ్లారా చూసిన సంగతి. 32 అనే అంకె 450 కంటే చిన్నదే కావచ్చు, నాకైతే అదే బలమైన అంకె.

గాజు సంగతికి జపాన్ దాకా పోనక్కర్లేదు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో పాటిదిబ్బ అని ఒకటి ఉండే ఉంటుంది. ఎప్పుడో పాడుబడిన పాత ఊరి చోటు. పెద్దవాళ్లు అక్కడి పాటిమన్ను బండ్లకెత్తుకుని పొలాలకు తోలేవాళ్లు, ఎరువుగా పనికొస్తుందని. ఎందుకు పనికొచ్చేది? ఒకప్పుడు ఆ ఊళ్లో మనుషులు పారేసిన తిండి, పేడ, గడ్డి, బూడిద మొత్తం ఆ మట్టిలో కలిసిపోయి ఉంది కాబట్టి. మరి కలవకుండా మిగిలిందేమిటి? కుండపెంకులు, పూసలు. అమరావతి, ధరణికోట మీ జిల్లాలోనే ఉన్నాయి. శాతవాహనుల కాలం నాటి పెంకులు సుమారు 2000 ఏళ్ల తర్వాత కూడా చేత్తో పట్టుకుని చూడగలిగేలా దొరికాయి. పాతకాలపు చోట్ల గాజుపూసలు కూడా అలాగే చెక్కుచెదరకుండా దొరుకుతుంటాయి. మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు శిల్పాలతో పాటు ఇవి కూడా చూపించండి.

కాబట్టి ఆ చార్టు చింపేయకండి. పక్కన ఇంకో గడి గీయించి, "ఎవరు చూశారు?" అని పైన రాయించండి. గాజు దగ్గర పది లక్షల ఏళ్లు కొట్టేసి "2000 ఏళ్లయినా ఉంది, తవ్వినవాళ్లు చూశారు" అని రాయొచ్చు. ప్లాస్టిక్ సీసా దగ్గర "ఇంకా ఎవరూ చూడలేదు" అని. అరటి తొక్క, కాగితం, గుడ్డ దగ్గర ఈ ఏడాది మీ పిల్లల పేర్లే పడాలి.

ఇక పోయిన మార్చి సంగతి. మీ ప్రయోగం చెడిపోయిందని మీరు అనుకుంటున్నారు కానీ అందులో సగం పాఠం ఉంది. కుళ్లడం అంటే వస్తువు తనంతట తానే పాడైపోవడం అనుకుంటారు పిల్లలు. పెద్దవాళ్లం కూడా చాలామందిమి అలాగే అనుకుంటాం. అసలు జరిగేది తినడం. ఆకుని ఎవరో తింటేనే అది మట్టిలో కలుస్తుంది. చెదలు, రోకలిబండలు, వానపాములు కొరికి ముక్కలు చేస్తాయి. బూజు తన పోగుల్ని లోపలికి దించి పీల్చుకుంటుంది. మిగిలిన పని కంటికి కనపడని బ్యాక్టీరియాది. వీటన్నిటికీ తడి కావాలి, గాలి కావాలి, ఓ మాదిరి వెచ్చదనం కావాలి. మార్చిలో పల్నాడు నేల ఎలా ఉంటుంది? ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. పైగా అది పిల్లలు ఆడి ఆడి గట్టిపరిచిన బడి ఆవరణ. అక్కడ తినేవాడు లేడు, అందుకే ఆకు అలాగే ఉండిపోయింది. చార్టులు చెప్పని సంగతి ఇదే. "అరటి తొక్కకి నెల" అంటారు. ఏ మట్టిలో, ఏ కాలంలో అన్నది ఎవరూ రాయరు.

దీనికి సాక్ష్యం అమెరికాలో దొరికింది. అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే అనే పురావస్తు శాస్త్రవేత్త 1973లో చెత్త మీద పరిశోధన మొదలుపెట్టాడు. పాత ఊళ్లు తవ్వే పద్ధతిలోనే ఇప్పటి చెత్త డంపుల్ని తవ్వించాడు. అడుగున దశాబ్దాల నాటి వార్తాపత్రికలు బయటపడ్డాయి. హాయిగా చదువుకునేలా ఉన్నాయవి. వాటి ముద్రణ తేదీని బట్టే ఏ పొర ఏ ఏడాదిదో చెప్పేవాళ్లు. కాగితం కుళ్లే వస్తువే కదా? కుళ్లేదే. కానీ చెత్త మీద చెత్త పడి, అణిగి, గాలీ తడీ అందక తినేవాళ్లకి అక్కడ పని దొరకలేదు. మట్టిలో కలిసే వస్తువైనా దాన్ని కలిసే చోట వెయ్యాలని ఈ కథ ఒక్కటి చెబితే పిల్లలకు అర్థమవుతుంది. తడిచెత్త, పొడిచెత్త వేరు చేయమని ఎందుకు మొత్తుకుంటున్నారో కూడా తెలుస్తుంది. తడిచెత్తని కవర్లో ముడివేసి పారేస్తే లోపల గాలి లేక కంపు కొడుతుంది తప్ప ఎరువు కాదు.

ఈసారి తొలకరి పడి నేల పదునెక్కాక మొదలుపెట్టండి. జూన్ 12న బడి తెరిచినా తొందరపడొద్దు. రెండు మూడు మంచి వానలు పడనివ్వండి. మీది నల్లరేగడి నేలైతే ఒక జాగ్రత్త ఉంది. వానకి రేగడి ఉబ్బి, ముద్దై, గాలి దూరనివ్వదు. నీళ్లు నిలిచే పల్లంలో పాతితే కుళ్లు కంపు వస్తుంది, పని నెమ్మదిస్తుంది. అందుకని కాస్త మెరకగా ఉన్న చోటు చూసి, తవ్విన మట్టిలో కొంచెం ఇసుకో ఎర్రమట్టో కలపండి. ఒక గంప బాగా మాగిన పశువుల ఎరువు కూడా తెప్పించి కలిపితే తినేవాళ్లని మీరే పిలుచుకొచ్చినట్టవుతుంది. గేదెలున్న ఇంటి పిల్లలు మీ బళ్లో ఎలాగూ ఉంటారు.

ఆ ఎరువుని పిల్లల చేత వాసన చూపించండి. మాగని పేడ కంపు కొడుతుంది, మాగినదానికి తొలకరి మట్టి వాసన వస్తుంది. ఆ వాసన మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఎండుటాకుల్ని, గడ్డిని అరిగించే పనివాళ్లలో అవీ ఉంటాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లో, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ ఈ జాతి బ్యాక్టీరియా నుంచే ఆరియోమైసిన్ అనే మందు కనిపెట్టాడు. మిస్సోరిలో ఒక పొలం నుంచి తెచ్చిన గుప్పెడు మట్టిలో దొరికింది అది. 1948లో వైద్యుల చేతికి వచ్చింది. చెత్త పాఠంలో ఇది పక్కదారే అనుకోండి, కానీ మట్టిని ముట్టుకుంటే అసహ్యం అనుకునే పిల్లలకు ఒకసారి వినిపించండి.

ఏం పాతించాలన్న దానికి వస్తాను. పెద్ద జాబితా వద్దు. జతలుగా తీసుకోండి. చూడటానికి ఒకలా ఉండి మట్టిలో వేరుగా నడుచుకునే జతలైతే పిల్లలకు గుర్తుంటుంది.

మొదటి జత భోజనం ప్లేట్లు. ఒకటి విస్తరాకు. అడ్డాకుదైనా మోదుగాకుదైనా సరే, పుల్లలతో కుట్టినది కావాలి. రెండోది పెళ్లిళ్లలో వాడే మెరుపు పూత ఉన్న పేపర్ ప్లేటు. రెండిట్లోంచీ అరచేయంత ముక్కలు కోయించండి. రెండోది కాగితమే కదా అని పిల్లలు మొదట దానికే ఓటేస్తారు.

రెండో జత బట్టలు. పాత కాటన్ బనియనో లుంగీయో ఒకటి, పాలిస్టర్ చీర ముక్క ఒకటి. కాటన్ ముక్కని కుట్టు ఉన్న చోట కోయండి, ఇది ముఖ్యం. ఈరోజుల్లో కాటన్ బట్టల్ని కూడా చాలావరకు పాలిస్టర్ దారంతోనే కుడుతున్నారు. బట్ట మొత్తం చివికిపోయాక ఆ కుట్టు మాత్రం వంకరటింకర దారంగా, గుండీ ఉంటే గుండీతో సహా మట్టిలో మిగిలి ఉంటుంది. నేత మాయమై కుట్టు మిగలడం ఒక్కసారి చూసిన పిల్లవాడికి సహజం, కృత్రిమం అని నిర్వచనాలు రాయించాల్సిన పని లేదు. కెనడా, అమెరికాల్లో రైతుల చేత కాటన్ లోదుస్తులు పొలంలో పాతించి, రెండు నెలల తర్వాత తీయించి, ఎంత చిరిగితే నేల అంత ఆరోగ్యంగా ఉన్నట్టని చెప్పే కార్యక్రమాలు జరుగుతుంటాయి. చివరికి నడుము ఎలాస్టిక్ ఒక్కటే మిగులుతుందట. ఈ ముక్క చెప్పి చూడండి, ఆరో తరగతి పది నిమిషాలపాటు మీ మాట వినదు.

మూడోది జత కూడా కాదు, ఒక్క వస్తువే. పేపర్ టీ కప్పు. నన్నడిగితే మొత్తం ప్రయోగంలో మిగతావన్నీ మానేసినా ఇది మానకూడదు. టీ కారకుండా దాని లోపల పలుచటి పాలిథిన్ పూత ఉంటుంది. కప్పు కొత్తగా ఉన్నప్పుడు ఎంత చూపించినా పిల్లలకు అది కనిపించదు. మట్టిలో కొన్ని నెలలున్నాక బయట కాగితం అంతా పోయి, కప్పు ఆకారంలోనే ఉల్లిపొర లాంటిది ఒకటి చేతికి వస్తుంది. కడిగి వెలుతురుకి పెట్టి చూస్తే అవతలివాడి ముఖం కనిపిస్తుంది. మనం టీ తాగింది దేంట్లోనో ఆ రోజు తెలుస్తుంది. కాగితం కప్పు కదా అని ఎరువు గుంటలో వేసేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

మధ్యాహ్న భోజనం దగ్గర కోడిగుడ్డు పెంకులు కావలసినన్ని దొరుకుతాయి. చిక్కీ రేపర్లు కూడా. రెండూ పెట్టండి. గుడ్డు పెంకు కుళ్లుతుందనే పిల్లలు అనుకుంటారు, అది కుళ్లదు. అది సున్నం. పుల్లటి నేలల్లో మెల్లగా కరుగుతుంది, మీ రేగడిలో ముందే సున్నం ఎక్కువ కాబట్టి చాలాకాలం అలాగే ఉంటుంది. అది అలా ఉన్నా నేలకు హాని లేదు. మిగిలిందల్లా చెడ్డది కాదని చెప్పడానికి ఇది పనికొస్తుంది. కొబ్బరి పీచు కూడా అంతే. చెట్టు నుంచి వచ్చిందే అయినా అందులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ, దాన్ని తినగలిగేవాళ్లు తక్కువ. అరటి తొక్క పక్కన బత్తాయి తొక్క పెడితే అది వెనకబడుతుంది, దాని నూనె బూజుని కొంతకాలం దగ్గరికి రానివ్వదు. ఒక ఇనుప మేకు, ఒక గోలీ, ఒక కుండపెంకు. మేకు తుప్పు పడుతుంది. అక్కడ తినేవాడు ఎవడూ లేడు, గాలీ నీరూ ఇనుముతో కలిసిన ఫలితం అది. నాలుగు చింతగింజలు కూడా వేయించండి. అవి మొలకెత్తితే పిల్లల ముఖాలు చూడాలి.

అన్నం, మాంసం, ఎముకలు వద్దు. రాత్రికి రాత్రే కుక్కలు, పందికొక్కులు తవ్విపోస్తాయి. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, మందులు, సూదులు, బ్లేళ్లు, పగిలిన గాజు, ప్యాడ్లు, డైపర్లు అసలే వద్దు. డైపర్ గురించి ఎవరైనా అడిగితే అందులో దూదితో పాటు ప్లాస్టిక్ పొరా, తడిని పీల్చుకునే రసాయన గుళికలూ ఉంటాయని చెబితే చాలు.

పాతే పద్ధతిలో ఒక చిన్న కిటుకు ఉంది. నేరుగా మట్టిలో పాతితే మూడు నెలల తర్వాత ఏది ఎక్కడుందో తెలియదు. అంతా కుళ్లిపోయిందో, చోటు తప్పి తవ్వుతున్నారో కూడా తేలదు. కూరగాయల కొట్లో ఉల్లిపాయలు వచ్చే జాలీ సంచులు అడిగి తెచ్చుకోండి. వాటిని ముక్కలుగా కోసి, ఒక్కో వస్తువుని ఒక్కో చిన్న మూటగా నైలాన్ దారంతో కట్టించండి. చెదలు, చిన్న వానపాములు ఆ కన్నాల్లోంచి దూరతాయి. జాలీ మాత్రం ప్లాస్టిక్ కాబట్టి ఎటూ పోదు. అడవుల్లో ఆకులు ఎంతకాలానికి కుళ్లుతాయో లెక్కగట్టే శాస్త్రవేత్తలు వాడేదీ ఈ సంచుల పద్ధతే. పేరు చీటీలు కాగితంతో కడితే అన్నిటికంటే ముందు చీటీయే పోతుంది. పాత పెరుగు డబ్బాల్ని పట్టీలుగా కోసి, మేకుతో గీరి రాయించండి.

లోతు జానెడు చాలు. అడుగుకి మించి వెళితే తినేవాళ్లు పలచబడతారు. వరసగా పాతించి, వరస చివర కర్ర పాతి, ఏ మూట ఎక్కడుందో నోటుబుక్కులో పటం గీయించండి. వేపచెట్టు నుంచి ఎన్ని అడుగులు, గోడ నుంచి ఎన్ని అడుగులు అన్నది కొలిపించి మరీ. ప్రతి వస్తువుకీ నాలుగు మూటలు ఉండాలి, ఒక్కోసారి ఒక్కోటి తీయడానికి. ఒకే మూటని తీసి చూసి మళ్లీ పాతడం వద్దు. అలా కెలికితే లోపల బూజు అల్లుకున్నదంతా తెగిపోతుంది. ఐదో మూట ఒకటి కట్టించి, ఎండబెట్టిన మట్టి నింపిన డబ్బాలో పెట్టి బీరువాలో దాచండి. మీ మార్చి ప్రయోగం ఆ డబ్బాలో మళ్లీ జరుగుతుంది. ఈసారి పక్కన పోల్చుకోవడానికి తడి మట్టి ఉంటుంది.

పాతేముందు ఏది పోతుంది, ఏది ఉంటుంది అని పిల్లలందరి చేత రాయించి సంతకం పెట్టించండి. తర్వాత "నేను ముందే అనుకున్నాను" అనడానికి వీలుండదు. ఆకు, కాగితం, గుడ్డ ముక్కల్ని గ్రాఫు కాగితం మీద పెట్టి చుట్టూ గీసి గడులు లెక్కపెట్టించండి. తీసిన రోజు మళ్లీ అలాగే. లెక్కల టీచరు గారిని కలుపుకుంటే ఆ శాతాలు ఆయన చూసుకుంటారు.

తవ్వే రోజులు గుర్తుండేలా పెట్టుకోండి. పంద్రాగస్టు వారం ఒకటి. అప్పటికి అరటి తొక్క నల్లబడి చాలావరకు పోయి ఉంటుంది, కాగితానికి కన్నాలు పడతాయి, గుడ్డ మీద రంగురంగుల మచ్చలు వస్తాయి. దసరా సెలవుల తర్వాత రెండోది. అందరూ నోరెళ్లబెట్టేది అప్పుడే. విస్తరాకుకి ఈనెలు, కుట్టిన పుల్లలు తప్ప పెద్దగా మిగలదు. కాటన్ ముక్క లాగితే చిరిగిపోతుంది, లేదా కుట్టు ఒక్కటే దొరుకుతుంది. చెదలు తగిలిన మూట అయితే కాగితం ఆనవాలే ఉండదు. సంక్రాంతి తర్వాత మూడోది, టీ కప్పు పొర ఈసారికి బాగా తేలుతుంది. మీ మట్టిని బట్టి ఇవన్నీ కాస్త ముందువెనకలు కావచ్చు, అది కూడా రాసుకోవాల్సిన ఫలితమే. చిక్కీ రేపరు మాత్రం ఎప్పుడు తీసినా కడిగితే దాని మీద అక్షరాలు చదవొచ్చు.

ఇక్కడ పిల్లలు తప్పకుండా పడే ఒక పొరపాటు ఉంది. మిరప చేలల్లో మొక్కల మొదట్లో పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు ఎండకి పెళుసై, ముక్కలు ముక్కలై, దుక్కిలో కనపడకుండా పోవడం మీ పిల్లలు చూసే ఉంటారు. "ప్లాస్టిక్ కూడా కలిసిపోతుంది టీచర్, మా చేలో చూశాను" అంటారు. అది కలవడం కాదు, విరగడం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ గొలుసుల్ని తెంచుతాయి. తునకలవుతుంది కానీ తునకలన్నీ అక్కడే ఉంటాయి. దీన్ని చూపించడానికి ఒక పలుచటి కవరుని బడి డాబా మీద కట్టి వేసవంతా వదిలేయండి, అలాంటిదే ఇంకోటి మట్టిలో ఉంచండి. డాబా మీదది నలిపితే పొడి రాలుతుంది, మట్టిలోది మెత్తగా సాగుతూనే ఉంటుంది. ఆ పొడిని గుప్పెడు మట్టిలో కలిపి, గాజు గ్లాసు నీళ్లలో వేసి గిలకొట్టించండి. మట్టి అడుగుకి దిగుతుంది, పాలిథిన్ నీటికన్నా తేలిక కాబట్టి పైకి తేలుతుంది. ఆకు తునకలు కూడా తేలతాయి, కానీ వాటిని వేళ్లతో నలిపితే తేడా తెలిసిపోతుంది.

"మట్టిలో కలిసిపోయే కవర్లు" అని అమ్ముతున్నవాటి గురించి కూడా అడుగుతారు. ఇంగ్లండులో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు అలాంటి కవర్లని మూడేళ్లు మట్టిలో పాతి చూశారు. 2019లో వచ్చిన ఫలితం ఏమిటంటే, బయోడీగ్రేడబుల్ అని రాసి ఉన్న కవరు మూడేళ్ల తర్వాత కూడా సరుకులు మోసింది. కంపోస్టబుల్ అని ఉన్నది 27 నెలలకి కూడా మట్టిలో ఉంది కానీ, బరువు వేస్తే చిరిగిపోయింది. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ రకం కవర్లు, కప్పులు త్వరగా పోవాలంటే దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాలు కావాలి. బడి గుంటలో అంత వేడి రాదు. దొరికితే అదీ ఒక ముక్క పాతించండి, అట్ట మీద ఏం రాసి ఉందో కూడా రాయించండి.

ఎవడో ఒకడు "ఇంత తంటా ఎందుకు, కాల్చేస్తే పోయె కదా" అంటాడు. వాడి తప్పు కాదు, చాలా బళ్లలో పొద్దున్నే ఆకులూ కవర్లూ కలిపి ఊడ్చి మూలన నిప్పంటించడం వాళ్లు చూస్తూనే ఉన్నారు. పీవీసీ లాంటివి కాలిస్తే డయాక్సిన్లనే విషాలు వస్తాయి. ఆరుబయట చెత్త తగలబెడితే 5000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. మీ బళ్లో ఆ అలవాటు ఉంటే ముందు అది ఆపించండి. లేకపోతే పాఠం ఒకటి, బడి చేసేది ఒకటి అవుతుంది. ఆకులన్నీ పక్కన ఇంకో గుంటలో వేసి తడుపుతుంటే వచ్చే ఏడాది మొక్కలకు ఎరువు కొనాల్సిన పని ఉండదు.

హెడ్మాస్టరు గారి టెన్షన్‌కి మందు ఉంది. తల్లిదండ్రుల సమావేశంలో "చెత్త ప్రయోగం" అనకండి, "ఎరువు ఎలా తయారవుతుందో చూపిస్తున్నాం" అనండి. రెండూ నిజమే. పెంటకుప్ప వేసిన అనుభవం ఉన్న ఒక తాతగారినో అమ్మమ్మగారినో పాతే రోజున పిలిచి నాలుగు మాటలు చెప్పించండి. కుప్పలో చెయ్యి పెడితే ఎందుకు వేడిగా ఉంటుందో, మాగిందని ఎలా తెలుసుకుంటారో వాళ్లు మనకన్నా బాగా చెబుతారు. ఆ పెద్దమనిషి వచ్చి కూర్చున్నాక గొడవ పెట్టుకోవడానికి ఎవరూ రారు.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించండి. మట్టిలో ధనుర్వాతం కలిగించే క్రిములు ఉంటాయి. చేతికి గాయం ఉన్న పిల్లలు ఆ రోజు రాసే పని చూసుకోవాలి. పదేళ్లకి వేసే టీడీ టీకా వేయించుకున్నారో లేదో ఏఎన్ఎం గారిని అడిగి సరిచూడండి. చేతొడుగులు తొడగాలి, కాళ్లకు బూట్లు ఉండాలి. తవ్వేటప్పుడు ముందు పారతో మట్టి తీసి పక్కన పోసి చూడాలి, ఎవరూ నేరుగా చెయ్యి పెట్టకూడదు. వానాకాలం తేళ్లూ జెర్రులూ తిరిగే రోజులు. అయ్యాక సబ్బుతో చేతులు కడిగే దాకా మీరు పక్కనే ఉండండి.

తీసిన ప్లాస్టిక్, రేకు, గాజు వగైరాలను కడిగి ఆరబెట్టి పంచాయతీ చెత్తబండికి పొడిచెత్తగా ఇచ్చేయండి. మీ ఊరి చెత్త నుంచి సంపద కేంద్రం పనిచేస్తుంటే అక్కడ వానపాముల తొట్లు చూపించడానికి ఒక పూట పిల్లల్ని తీసుకెళ్లండి. నాలుగో వరస మూటలు ఈ ఏడాది తీయకండి. కొబ్బరి పీచు, గుడ్డు పెంకు, టీ కప్పు, కవరు ఏడాది దాటాక ఎలా ఉన్నాయో వీళ్లు ఏడో తరగతిలోకి వచ్చాక చూడాలి. మీకు బదిలీ అయ్యేలా ఉంటే పటం ఉన్న నోటుబుక్కుని తర్వాత వచ్చే టీచర్‌కి చేతికిచ్చి, కర్రలు ఎక్కడున్నాయో చూపించి వెళ్లండి.